20 రూపాయల బీమా కోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే

ప్రధానమంత్రి సురక్షా బీమాకి బ్యాంకు ఖాతాలోంచి ఏటా 20 రూపాయలు కట్ అవుతాయి. ప్రమాదంలో పోతే నామినీకి 2 లక్షలు ఇవ్వాలి. మా బావ రాత్రి కరెంటు వేళకి మోటారు వేయడానికి వెళ్లి పాము కరిచి పోయారు. ల్యాబ్ రిపోర్టులో విషం కనపడలేదు కాబట్టి ప్రమాదం రుజువు కాలేదంటూ కంపెనీ అక్కకి ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం చదివితే నాకు ఒళ్లు మండిపోయింది.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. ఇంత చిన్న కేసుకి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. కంపెనీ హెడ్డాఫీసు ఎక్కడున్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన జిల్లాలోనే వేయొచ్చు. రెండేళ్ల గడువు మాత్రం దాటనీయకండి.

విచారణలో కంపెనీ లాయరు ల్యాబ్ రిపోర్టే మళ్లీ మళ్లీ చదివారు. కమిషన్ సభ్యురాలు ఆసుపత్రి కేస్ షీట్ తీయించారు. అందులో డ్యూటీ డాక్టరు రాత: కుడి చీలమండ దగ్గర రెండు గాట్లు, వాపు, రెప్పలు వాలిపోతున్నాయి, పాము విషానికి ఇంజెక్షన్ ఇచ్చాం. ఆ లైను మీద వేలు పెట్టి "పాము కరవకపోతే ఈ మందు ఎందుకిచ్చారండీ?" అని అడిగారు. ఆయన ఏమీ చెప్పలేకపోయారు. పాముకాటుకి అప్పటికప్పటి ఆసుపత్రి రికార్డు ఆధారమని పథకం నిబంధనల్లోనే ఉంది. ఆర్డరులో అదే రాశారు. వడ్డీతో సహా 2 లక్షలు, ఖర్చులు ఇమ్మన్నారు.

నచ్చనిది వాయిదాలు. అవతలివాళ్లకి నోటీసు అందాక మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, మాకు అంతకంటే చాలా ఎక్కువే పట్టింది. కూలి పని మానుకుని వచ్చేవాళ్లకి ఇది నిజంగా నరకం. అక్కడ కూర్చోడానికి సరిపడా బెంచీలైనా వేయించాలి.

అలాగని ప్రతి మరణమూ ప్రమాదం కిందకి రాదు. బైకు నడుపుతుంటే గుండెపోటు వచ్చి పడిపోయిన కేసులోనూ, దోమకాటుతో మలేరియా వచ్చిన కేసులోనూ క్లెయిమ్ చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కాగితాలు గట్టిగా ఉంటే వెనక్కి తగ్గకండి. కేస్ షీట్ నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు మొదట్లోనే తీసిపెట్టుకోండి. కోర్టు మెట్లు ఎక్కడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లో బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు, అక్కడా పైసా ఖర్చు లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు రాయాలి. అయితే కమిషన్‌లో కేసు వేశాక ఆయన తీసుకోరు.

ఆర్డరు వచ్చాక కూడా డబ్బు వేయకపోతే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయొచ్చు. మాకు ఆ అవసరం రాలేదు, గడువులోపే అక్క ఖాతాలో పడింది.