బ్లాక్ కాన్యన్: దక్షిణపు అంచున ఒక పూట

కొలరాడోలో 50వ నంబరు హైవే మీద గన్నిసన్ నుంచి మాంట్రోజ్ వైపు వెళ్లేవారిలో చాలామంది, దారిలో తగిలే బ్లాక్ కాన్యన్ నేషనల్ పార్కును ఒక గంటలో చూసి సాగిపోవచ్చని అనుకుంటారు. కనీసం ఒక పూటైనా కేటాయించలేకపోతే ఇక్కడ ఆగకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఈ లోయ గొప్పతనమంతా దాని ఇరుకుదనంలోనే ఉంది. దక్షిణపు అంచున కాజమ్ వ్యూ దగ్గర ఆవలి గట్టు సుమారు 1,100 అడుగుల దూరంలోనే ఉండగా, గన్నిసన్ నది 1,820 అడుగుల దిగువన పారుతుంటుంది. కమ్మీ పట్టుకుని తొంగిచూస్తే ముందు నీటి హోరు చెవిన పడుతుంది. రాళ్ల సందుల్లోని తెల్లని నురగ కంటికి ఆనడానికి మరికొంత సేపు పడుతుంది. పార్కు పరిధిలో నది మైలుకు సగటున సుమారు 95 అడుగుల చొప్పున దిగుతుంది కనుక, గట్టి శిలను లోతుకే కోసుకుపోయింది తప్ప పక్కలకు పెద్దగా విస్తరించలేదు. ఆ సమీపంలోనే ఎదురుగా కనిపించే పెయింటెడ్ వాల్ 2,250 అడుగుల నిలువు గోడ. కరిగిన శిలాద్రవం పగుళ్లలోకి చొచ్చుకువచ్చి గట్టిపడినందువల్ల, దాని నల్లని ఒంటి మీద గులాబీ రంగు చారలు ఏర్పడ్డాయి.

ఏడు మైళ్ల అంచు రోడ్డు పొడవునా 12 చోట్ల ఆగి చూడవచ్చు. సమయం తక్కువైతే పై రెండింటినీ, సాయంత్రానికి సన్‌సెట్ వ్యూనూ ఎంచుకుంటే చాలు. కారుకు 30 డాలర్ల రుసుము ఏడు రోజులు చెల్లుతుంది. నది ఒడ్డుకు దిగే ఈస్ట్ పోర్టల్ రోడ్డు 16 శాతం వాలుతో ఉంటుంది. 22 అడుగులు మించిన వాహనాలను అనుమతించరు. తక్కువ గేరులో దిగకపోతే బ్రేకులు వేడెక్కడం ఖాయం.

పార్కు లోపల క్యాంప్‌గ్రౌండ్లే గాని హోటళ్లు లేవు. అందుచేత సుమారు 15 మైళ్ల దూరంలోని మాంట్రోజ్‌లో బస చేశాం. మేము దిగిన మోటెల్‌లో గది శుభ్రంగానే ఉంది గాని, హైవేకి ఆనుకుని ఉండటంతో ట్రక్కుల మోత తెల్లవారేదాకా ఆగలేదు. వెనకవైపు గది అడిగి తీసుకోవడం మంచిది.

ఉత్తరపు అంచు ఎదురుగానే కనిపిస్తున్నా, లోయ మీద వంతెన లేనందున అక్కడికి చుట్టూ తిరిగి వెళ్లడానికి రెండు మూడు గంటలు పడుతుంది. దారిన పోతూ ఆగినవారికి అది తగదు. 2025 జూలైలో పిడుగుల వల్ల రేగిన కార్చిచ్చు దక్షిణపు అంచును దెబ్బతీసింది కనుక, ఏవి తెరిచి ఉన్నాయో పార్కు వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే బయలుదేరాలి.