మూలమీది ఫిల్టర్ ప్లాంటు నీళ్లు: ఆరేళ్లు వాడాక

ఉప్పల్ వైపు మా కాలనీ మూలమీద నాణెం వేసి పట్టుకునే ఫిల్టర్ ప్లాంటు ఉంది. 20 లీటర్ల క్యాను 10 రూపాయలు. ఆరేళ్లుగా ఇంట్లో తాగేది ఆ నీళ్లే. ప్లాంటు నీళ్లకు వంక పెట్టలేం. వాటిని పాడుచేసేది చాలాసార్లు మనం తీసుకెళ్లే క్యానే.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. కుళాయి దగ్గరికి వచ్చేసరికి కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంది. ఆ వాసన గిట్టదని చాలామంది విసుక్కుంటారు గానీ, బిందెలో ఉన్నంతసేపూ నీళ్లకు అదే కాపలా. ప్లాంటుకు వచ్చేది బోరు నీళ్లు. ఇసుక ఫిల్టర్, బొగ్గు ఫిల్టర్, 5 మైక్రాన్ల తెల్ల కార్ట్రిడ్జ్, మెంబ్రేన్ (కరిగిన లవణాలను ఆపే ఆర్‌ఓ పొర) దాటి యూవీ దీపం కిందికి వస్తాయి. క్రిములు అక్కడ చస్తాయి, నిజమే. అయితే క్యానులో పడ్డాక ఆ నీళ్లను కాపాడేది ఏమీ ఉండదు. క్యాను గోడకు కాస్త పాకుడు ఉన్నా చాలు, రెండు రోజుల్లో వాసన మొదలవుతుంది.

అందుకే క్యాను కొనేటప్పుడు పిసినారితనం వద్దు. నొక్కితే లోపలికి పోయే పల్చటి రకం ఆరు నెలల్లో లోపలంతా గీతలు పడుతుంది. పాకుడు ఆ గీతల్లోనే కూర్చుంటుంది, బ్రష్షుకు అందదు. పైగా గట్టి బ్రష్షు వేస్తే కొత్త గీతలు. వారానికోసారి లీటరు నీళ్లలో ఒక టీస్పూను వాసన కలపని బ్లీచింగ్ ద్రవం (సుమారు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్నది) కలిపి, క్యానులో పోసి అన్ని వైపులా తగిలేలా అర నిమిషం ఊపి పారబోయాలి. తర్వాత మంచినీళ్లతో కడిగి, బోర్లించి ఆరనివ్వాలి. మూతకూ అదే పని. మూత సందులో నల్లటి చార ఉంటే ఇక దాన్ని తోమడం దండగ, కొత్తది వేసుకోండి. మరిగే నీళ్లు మాత్రం పోయొద్దు, క్యాను వంకరపోతుంది.

ప్లాంటు దగ్గర: మొదట వచ్చే ధార వదిలేయాలి. రాత్రంతా పైపులో నిలిచినవి అవి. తర్వాత రెండు లీటర్లు పట్టి, క్యానులో అటూ ఇటూ తిప్పి పారబోసి, అప్పుడు నింపాలి. కుళాయి మూతి క్యాను అంచుకు తగలకూడదు, ఎందుకంటే ముందు పట్టుకున్న అందరి క్యాన్లూ దానికే తగిలాయి. మూత నేలమీద పెట్టకండి. చిన్న డబ్బా ఒకటి తీసుకెళ్తే సరిపోతుంది.

టీడీఎస్ (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు, మిల్లీగ్రాముల్లో) మీటరు ఇంట్లో ఉండాలి, కొన్ని వందల రూపాయల పెన్ను. మా బోరు నీళ్లు 900 దాటి చూపిస్తాయి, ప్లాంటు నీళ్లు 60, 70 మధ్య. ప్రమాణం ప్రకారం 500 దాకా మేలు, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఫరవాలేదు. రోజూ ఒకే అంకె వచ్చే చోట అది నెమ్మదిగా 150కి ఎక్కుతుంటే మెంబ్రేన్ పని తగ్గిందని అర్థం. వెంటనే ప్లాంటు నడిపేవాళ్లతో చెప్పాలి. కానీ ఈ పెన్ను కొలిచేది కరిగిన లవణాలనే. క్రిములు ఎన్ని ఉన్నా దానికి తెలియదు. ‘40 వచ్చింది, అమృతం’ అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. క్రిముల సంగతికి హెచ్2ఎస్ సీసా (క్రిముల కలుషితాన్ని చూపే పరీక్ష సీసా) వాడాలి: గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైతే నల్లబడుతుంది. మూడు నెలలకోసారి ఒకటి ప్లాంటు కుళాయి దగ్గర, ఒకటి ఇంట్లో క్యాను నుంచి చేస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది.

యూవీ దీపం గురించి ఒక మాట. సుమారు 9,000 గంటలు, అంటే దాదాపు ఏడాది తర్వాత, అది నీలంగా వెలుగుతూనే ఉంటుంది గానీ చంపే బలం తగ్గిపోతుంది. మార్చిన తేదీ అడగండి. కరెంటు పోయినప్పుడు ట్యాంకులోని నీళ్లు అలాగే వదిలితే ఆ దీపం పనిచేయనట్టే. కరెంటు వచ్చేదాకా ఆగడమే మంచిది.

నాకు నచ్చనిది ఒకటే, మెంబ్రేన్ వదిలేసే ఉప్పు నీళ్లు. సగమో, అంతకన్నా ఎక్కువో నేరుగా మోరీలోకి పోతాయి. బోర్లు ఎండే ఊళ్లో ఇది చూడటం కష్టం. అందుకే కృష్ణా, గోదావరి లేదా మంజీర నల్లా సరిగ్గా వచ్చే ఇంటివాళ్లకు ఈ ప్లాంటు అవసరం లేదనే చెబుతాను. వడగట్టి కాచుకుంటే చాలు. నల్లా నీళ్లు రంగు మారితే హైదరాబాద్ జలమండలి నంబరు 155313కు ఫోన్ చేయండి. బోరుమీదే బతికే అపార్టుమెంట్లకు మాత్రం ఇది నిజంగా పనికొచ్చే సదుపాయం.

నిండిన క్యాను ఎండ తగిలే బాల్కనీలో పెట్టొద్దు, పాచి పడుతుంది. పెట్రోలు, ఫినాయిల్ దగ్గర అసలే వద్దు, ఆ వాసన ప్లాస్టిక్ పీల్చుకుంటుంది. మూడు రోజుల్లో అయిపోయేంతే తెచ్చుకోవాలి. గంటకు 500 లీటర్ల ప్లాంటు అంటే 25 క్యాన్లే. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడింటికి ట్యాంకు ఖాళీ అవుతుంది, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్తే వరుస ఉండదు.