హనుమకొండ, వరంగల్‌లో కుక్కలు పెంచుకునేవాళ్లకు హెచ్చరిక: ఆ రెడీమేడ్ ‘డెలివరీ కిట్’ కొనకండి

ఇంట్లో కుక్క కడుపుతో ఉన్నవాళ్లు, ముఖ్యంగా అది మొదటిసారి ఈనబోతుంటే, దయచేసి ఇది చివరిదాకా చదవండి.

మన దగ్గర ఒక పెట్ షాపులో ‘డాగ్ డెలివరీ కిట్’ అని ఒక ప్లాస్టిక్ డబ్బా అమ్ముతున్నారు. ధర 3,500 రూపాయలు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా డబ్బాను గుర్తుపట్టడం తేలికే. తయారు చేసినవాళ్ల పేరు ఉండదు, ఎంఆర్‌పీ ఉండదు, ఏ నెలలో ప్యాక్ చేశారో ఉండదు. మూత మీద కుక్కపిల్లల బొమ్మ స్టిక్కర్ ఒక్కటే ఉంటుంది. లోపల థర్మామీటర్, కరెంటు హీటింగ్ ప్యాడ్, పాలపొడి, బొడ్డు క్లిప్పులు, చిన్న సీసాలో ఫినాయిల్, గ్లౌజులు ఉంటాయి. వాటి కింద దూదిలో చుట్టి రెండు ఆక్సిటోసిన్ సూది మందు ఆంపూల్స్, ఒక సిరంజి ఉంటాయి. నేను ఇది రాస్తున్నది ముఖ్యంగా ఆ సూది మందు గురించే.

మా జూలీ లాబ్రడార్. పురుడు ఇంట్లోనే జరిపిద్దామని డాక్టర్‌తో ముందే మాట్లాడుకున్నాం. సామాను కోసం వెళ్తే షాపతను ఈ డబ్బా చేతిలో పెట్టి, “అక్కా, ఇండ్ల అన్నీ ఉన్నయ్. ఇది ఉంటే డాక్టర్ తోని పనే లేదు” అన్నాడు. ఆ మాట నమ్మి ఇంకెవరూ మోసపోకూడదు.

నొప్పులు మొదలైన రాత్రి మొదటి రెండు పిల్లలూ బాగానే పుట్టాయి. ఆ తర్వాత జూలీ అరగంట దాటి గట్టిగా ముక్కుతూనే ఉంది, మూడో పిల్ల రాలేదు. మా ఆయన డాక్టర్‌కు ఫోన్ కలుపుతున్నాడు. నేను ప్యాడ్ గురించి అడుగుదామని షాపతనికి చేస్తే, జూలీ పరిస్థితి విని, “సూది ఉంది గదక్కా, సగం ఎయ్యి. దానంతట అదే ఈంతది” అన్నాడు. కుక్కను కళ్లతో చూడలేదు, ఎన్ని పిల్లలున్నాయో అడగలేదు. అదే నిమిషంలో ఇంకో ఫోన్‌లో డాక్టర్, “ఆ సూది అస్సలు ఎయ్యకండి, వెంటనే కుక్కను పట్టుకొని రండి” అన్నారు. క్లినిక్‌కు తీసుకెళ్లాక తెలిసింది, మూడో పిల్ల తల పక్కకు మడతపడి దారిలో ఇరుక్కుంది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ పిల్ల దక్కలేదు. వెనక ఉన్న రెండూ బతికాయి, జూలీ బతికింది.

ఆక్సిటోసిన్ ఏం చేస్తుందో అందరం తెలుసుకోవాలి. అది గర్భసంచిని గట్టిగా బిగిసేలా చేస్తుంది. దారి ఖాళీగా ఉండి నొప్పులు నీరసించినప్పుడు, డాక్టర్ పరీక్ష చేసి, కొద్ది మోతాదులో ఇస్తే అది మంచి మందే. పిల్ల అడ్డంగా ఇరుక్కున్నప్పుడు ఇస్తే మాత్రం సంచి చిట్లిపోవచ్చు. లోపలున్న పిల్లలకు మాయ ముందే ఊడి, ప్రాణవాయువు అందక చనిపోవచ్చు. పాలు చేపడానికి బర్రెలకు కొందరు వేసే సూది కూడా ఇదే. అందుకే మన వైపు చాలామందికి ఇది మామూలు మందు అన్న ధీమా ఉంది. బర్రెలకు అలా వేయడం కూడా తప్పే. చట్టప్రకారం డాక్టర్ చీటీ లేకుండా దీన్ని అమ్మకూడదు, అదీ లైసెన్సున్న మందుల షాపులోనే అమ్మాలి. పైగా దీన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. ఈ డబ్బాలు అక్కడ కుక్క బిస్కెట్ల పక్కన, ఎండ తగిలే అరలో ఉన్నాయి.

మిగతా సామాను కూడా అలాంటిదే. థర్మామీటర్ మా ఇంట్లో ఉన్న మామూలు డిజిటల్ దానికన్నా రెండు డిగ్రీలు ఎక్కువ చూపించింది. ఆ రెండు డిగ్రీల్లోనే అసలు విషయమంతా ఉంది. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. ఈనడానికి ముందు చాలా కుక్కల్లో 99 కన్నా కిందికి పడుతుంది. అలా పడ్డాక సాధారణంగా 24 గంటల్లోపు నొప్పులు వస్తాయి. తప్పు థర్మామీటర్ 99ని 101 అని చూపిస్తే, ఇంకా టైముంది అనుకుని మనం ఆ రాత్రి నిద్రపోతాం. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు. దాని కొనకు కొంచెం వాజెలిన్ రాసి, మలద్వారంలో చూడాలి. నెలలు నిండే వారం ముందు నుంచి రోజూ పొద్దున, సాయంత్రం చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

హీటింగ్ ప్యాడ్‌కు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేదు. పది నిమిషాల్లో చేయి పెట్టలేనంత కాలింది. మొదటి రెండు పిల్లల పొట్టలు ఎర్రబారాయి, క్లినిక్‌లో వాటికి కూడా మందు రాయాల్సి వచ్చింది. పుట్టిన పిల్లలకు సొంతంగా ఒంటి వేడి కాపాడుకునే శక్తి ఉండదు, వణకడం కూడా రాదు. అందుకే మొదటి వారం అవి పడుకునే చోట 29 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో మన దగ్గర చలి ఎలా ఉంటుందో తెలిసిందే. అయితే ఆ వేడి, పిల్లలు పడుకునే పెట్టె అంతటా ఉండకూడదు, ఒక పక్కనే ఉండాలి. ఎక్కువైతే పిల్లలు జరిగి చల్లటి వైపు పోవాలి కదా. సీసాలో వేడినీళ్లు పోసి మందపాటి తువ్వాలు చుట్టి ఒక మూల పెట్టినా పని జరుగుతుంది. కరెంటు పోయినా ఆగదు.

పాలపొడి ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ తేదీ దగ్గర ఒక స్టిక్కర్ ఉంది. గోటితో గీకితే కింద పాత తేదీ కనిపించింది. అప్పటికే గడిచిపోయింది. అదృష్టవశాత్తు పిల్లలకు పట్టకముందే మా ఆయన చూశాడు. తల్లి పాలు చాలకపోతే కుక్కపిల్లల కోసమే తయారైన పాలపొడి, సీల్ ఉన్న డబ్బా తీసుకోండి. ఆవు పాలు, బర్రె పాలు వద్దు. కుక్క పాలలో ఆవు పాలకన్నా ప్రొటీన్, కొవ్వు బాగా ఎక్కువ, లాక్టోజ్ తక్కువ. మామూలు పాలు పడితే పిల్లలకు విరేచనాలు అవుతాయి. ఇంకో మాట, ఒళ్లు చల్లబడిన పిల్లకు ముందు మెల్లగా వెచ్చచేసి, ఆ తర్వాతే పాలు పట్టాలి. చల్లని పిల్లకు పాలు అరగవు.

ఫినాయిల్ గురించి ఎక్కువ చెప్పను, పారబోయండి. దాని ఘాటుకు పసి పిల్లల చర్మం మండుతుంది, తల్లి నాకితే కడుపులోకి పోతుంది.

నిజంగా కావాల్సినవన్నీ మన చుట్టూ మందుల షాపుల్లో, ఇంట్లోనే దొరుకుతాయి, అన్నీ కలిపినా ఆ డబ్బా ధర కాదు. ఉతికి ఎండబెట్టిన పాత నూలు చీరలు, తువ్వాళ్లు చాలా కావాలి, అనుకున్న దానికి రెట్టింపు పెట్టుకోండి. కింద న్యూస్‌పేపర్లు పరుచుకోండి. కొత్తవాడ షత్రంజీ (నేసిన నూలు తివాచీ) లాంటిది వేస్తే మడతలు లేకుండా బిగించి వేయండి, మడతల కింద పిల్లలు చిక్కుకుంటాయి. చేతులు తుడవడానికి గాజ్ గుడ్డ (కట్టు కట్టే పలచటి నూలు గుడ్డ), గ్లౌజులు, ముక్కులో జిగురు లాగడానికి రబ్బరు బల్బ్ సిరంజి, మరిగించిన కత్తెర, గట్టి నూలు దారం, పోవిడోన్ అయోడిన్ సీసా ఉంచుకోండి. బొడ్డు తాడును చాలా కుక్కలు తామే కొరికేస్తాయి. అవసరమైతేనే పొట్టకు అంగుళం దూరంలో దారం కట్టి, కోసి, అయోడిన్ అద్దండి. గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు తప్పకుండా కొనండి. పిల్లలను రోజూ ఒకే వేళకు తూచాలి. మొదటి రోజు కాస్త తగ్గినా, తర్వాత రోజూ పెరగాలి. పది పన్నెండు రోజుల్లో బరువు రెట్టింపు కావాలి. పెరగని పిల్లే ముందు ప్రమాదంలో పడేది.

పెట్టె విషయానికి వస్తే, షాపులో అమ్మే రంగు వాసన వచ్చే పెట్టె వద్దు. వడ్రంగితో లాబ్రడార్ సైజుకు నాలుగడుగుల పెట్టె చేయించుకోండి. లోపల నాలుగు వైపులా గోడకు కొంచెం ఎడంగా, నేలకు నాలుగంగుళాల ఎత్తులో ఒక కర్ర కట్టించండి. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు మధ్యలో పిల్ల నలిగిపోకుండా ఆ కర్ర కాపాడుతుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని కొనేది కాదు. జత కట్టించిన 55 రోజుల తర్వాత ఎక్స్‌రే తీయించండి. లోపల ఎన్ని పిల్లలున్నాయో తెలుస్తుంది. మాకు ఐదు అని తెలుసు కాబట్టే రెండు పుట్టాక అయిపోయిందేమో అని అనుకోలేదు. 63 రోజులు అటూ ఇటూగా ఈనుతుంది. రాత్రి ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్, ఆపరేషన్ చేసే క్లినిక్ ఏది, బండి ఎవరిది అన్నది ముందే అనుకోండి. పరకాల, నర్సంపేట వైపు ఊళ్లవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, రాత్రి బండి దొరకడమే కష్టం. మేడారం జాతర రోజుల్లో అయితే ములుగు రోడ్డు మీద అస్సలు నమ్మకం పెట్టుకోవద్దు.

ఎప్పుడు పరుగెత్తాలంటే, గట్టిగా ముక్కుతూ అరగంట దాటినా పిల్ల రాకపోతే. ఇంకా పిల్లలున్నాయని తెలిసి రెండు గంటలైనా ఏదీ పుట్టకపోతే. మొదటి పిల్ల కన్నా ముందే ఆకుపచ్చగా, నల్లగా ద్రవం వస్తే. తల్లి వణుకుతూ తూలుతుంటే, అది పురుడు అయిన వారాల తర్వాతైనా సరే, క్యాల్షియం పడిపోయి ఉండొచ్చు. వెనక కాళ్లు ముందు రావడం మాత్రం కుక్కల్లో మామూలే, దానికి టెన్షన్ పడకండి.

తర్వాత మేము షాపుకు వెళ్లి డబ్బులు అడిగితే, “బిల్లు ఏది?” అన్నాడు. కొన్న రోజు అడిగితే ఇవ్వనిది తనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న వస్తువు వెనక్కి తీసుకోకపోవడం రెండూ అక్రమ వ్యాపార పద్ధతులే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాం. సూది మందు గురించి డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు వేరుగా రాశాం.

ఇదే డబ్బా మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే ఆ ఆంపూల్స్ వాడకండి, చెత్తలో వేయకండి, మీ పశువైద్యుడికి అప్పగించండి. అంతకన్నా ముందు వాటి మీదున్న బ్యాచ్ నంబర్, డబ్బా, స్టిక్కర్ ఫొటోలు తీసుకోండి. ఫోన్‌లో డబ్బు కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ దాచుకోండి, బిల్లు లేకపోయినా కొన్నట్టు అది ఆధారం అవుతుంది.