ఫైబర్‌గ్లాస్ గాలపు కర్రా, కార్బన్ కర్రా?

సుంకేసుల వద్ద తుంగభద్రలోనో, గండికోట జలాశయంలోనో గాలం వేసేవారు కొత్త కర్ర కొనేటప్పుడు ఈ రెండింటి మధ్యే తటపటాయిస్తారు. ఫైబర్‌గ్లాస్ రెండో ప్రపంచ యుద్ధం తరువాత వాడుకలోకి వచ్చింది; 1970లలో వచ్చిన కార్బన్ దానిని వెనక్కి నెట్టినా, పూర్తిగా తొలగించలేకపోయింది.

ధర: ఫైబర్‌గ్లాస్ చవక, మంచి కార్బన్ కర్రకు చాలా ఎక్కువ పెట్టాలి.

బరువు: కార్బన్‌దే పైచేయి.

స్పర్శ: చేప ఎరను మెల్లగా తాకినా కార్బన్ కర్ర చేతికి తెలుపుతుంది. బెండు మునగడం చూసి లాగేవారికి ఆ సున్నితత్వంతో పెద్దగా పని లేదు.

మన్నిక: ఫైబర్‌గ్లాస్ బండరాళ్లకు తగిలినా, మోటారు సైకిలుకు కట్టి తెచ్చినా ఓర్చుకుంటుంది, కార్బన్ కర్రకు కంటికి ఆనని గాటు పడినా, బరువు పడిన రోజున అక్కడే ఫట్టున విరగవచ్చు. ఇక పెద్ద బొచ్చె చేప తగిలి ఒక్కసారిగా లోతుకు దూసుకుపోయినప్పుడు, ఫైబర్‌గ్లాస్ కర్ర పిడి దాకా విల్లులా వంగి, ఆ కుదుపును తానే భరించి, దారం తెగకుండా, గాలం ఊడకుండా కాపాడుతుంది. ఆ వంపును చేతితో అనుభవించినవారు దానిని వదులుకోలేరని నా గట్టి నమ్మకం.

ప్రమాదం: కార్బన్ గుండా కరెంటు ప్రవహిస్తుంది. తడిసిన ఫైబర్‌గ్లాస్‌నూ నమ్మరాదు. కాలువ గట్లపై విద్యుత్ తీగల కింద ఏ కర్రనూ ఎత్తకండి.

పిల్లలకు, కొత్తవారికి, పిండిముద్ద ఎరతో గట్టున కూర్చునేవారికి ఫైబర్‌గ్లాస్ తగినది. కొర్రమీను కోసం రబ్బరు కప్పను ఎరగా రోజంతా విసిరేవారు కార్బన్ తీసుకోవడమే మేలు.