ఫ్లాట్ బాటమ్ బోటా, పాంటూన్ బోటా? రెండూ ఏళ్ల తరబడి నడిపాక నా మాట

అడుగు చదునుగా ఉండే ఫ్లాట్ బాటమ్, పెద్ద గొట్టాల మీద తేలే పాంటూన్, ఈ రెండింట్లో ఏది కొనాలని ఎవరైనా అడిగితే నేను ముందు డబ్బు సంగతి ఎత్తను. మీరు తిరిగే నీళ్లు ఎంత లోతు, అక్కడ గాలి ఎలా ఉంటుంది అనే అడుగుతాను.

ముందు చాలాకాలం నడిపింది 14 అడుగుల అల్యూమినియం ఫ్లాట్ బాటమ్. ఒకరిద్దరు ఎక్కితే నీళ్లలో మునిగేది నాలుగైదు అంగుళాలే. తుంగ పెరిగిన చోటికి, మొద్దులున్న వాగు మూలలకి మోటార్ పైకెత్తి తెడ్డుతో నెట్టుకుంటూ వెళ్లిపోవచ్చు. ఒంటరిగా చేపలు పట్టేవాళ్లకి ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు. ఖాళీ బోటు బరువు 100-150 కిలోలకి అటూఇటూ కాబట్టి చిన్న కారుతో కూడా లాక్కెళ్లొచ్చు. కానీ అల లేచిందంటే చదునైన అడుగు నీటిని చీల్చదు, దాని మీద దబదబా పడుతుంది. గంటసేపు అలా వెళితే నడుం పట్టేస్తుంది. ఇంకోటి, నిలబడితే గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ ఇద్దరు ఒకే పక్కకి వంగితే అంచు చటుక్కున నీటిని తాకుతుంది.

పిల్లలు, పెద్దవాళ్లు వెంట వస్తే మాత్రం పాంటూనే. రెండు పెద్ద అల్యూమినియం గొట్టాల మీద డెక్, అంటే నిలబడే చదునైన నేల, చుట్టూ కటకటాలు. గొట్టాల లోపల విడివిడి గదులు ఉండే రకమైతే ఒకచోట చిల్లు పడ్డా బోటంతా మునగదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఒడ్డు నుంచి సులువుగా ఎక్కుతారు. అందరూ నిశ్చింతగా కూర్చుని కబుర్లు చెప్పుకునే సుఖం ఫ్లాట్ బాటమ్‌లో దొరకదు.

దీనితో అసలు టెన్షన్ గాలి. ఆ కటకటాలు, పైకప్పు గుడ్డ గాలిని పట్టేస్తాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు బోటు పక్కకి జారిపోతుంది. అందుకే ఒడ్డుకి కట్టేటప్పుడు వీలైనంతవరకు గాలికి ఎదురుగా, నిదానంగా రావాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం: అందరూ ముందుకొచ్చి నిలబడి ఉండగా, ఎదురుగా పెద్ద అల వస్తుంటే స్పీడ్ ఒక్కసారిగా తగ్గించకండి. బోటు ముక్కు దిగబడి నీళ్లు డెక్ మీదకి ఎక్కుతాయి. జనాన్ని వెనక్కి జరిపి, ముక్కు పైకి ఉండేలా చూసుకోండి. మూడు గొట్టాల రకం అలల్లో చాలా నయం, కానీ మోటార్ కూడా పెద్దది పెట్టాలి.

ట్రైలర్‌తో కలిపి పాంటూన్ బరువు తేలిగ్గా టన్ను దాటుతుంది. లాగడానికి గట్టి బండి, దించడానికి ఇంకో మనిషి కావాలి.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఫ్లాట్ బాటమ్‌ని ట్రైలర్ మీదే ఉంచి లోపల కొంచెం నీళ్లు పోయండి, రేకుల్ని కలిపి బిగించే రివెట్ల దగ్గర కారితే అడుగున కనిపిస్తుంది. వెల్డింగ్ చేసినది దొరికితే అదే మేలు. పాంటూన్ అయితే నీళ్లలో ఒక పక్కకి ఒరిగి ఉందేమో చూడండి, గొట్టంలోకి నీరు చేరుతుండొచ్చు. డెక్ మీద, ముఖ్యంగా వెనక మూలల్లో, మడమతో నొక్కండి. మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ పుచ్చినట్టే.