డీఎల్‌క్యూఐ పత్రం: సోరియాసిస్ ఎంత బాధిస్తోందో రోగి చేతే చెప్పించే పది ప్రశ్నలు

అరచేతుల్లో మాత్రమే వచ్చే సోరియాసిస్‌ను తీసుకోండి. జబ్బు తీవ్రత కొలవడానికి డాక్టర్లు ఒళ్లు చూసి వేసే పాసీ లెక్క మొత్తం 72. అందులో రెండు చేతులకూ కలిపి దక్కే వాటా ఐదో వంతే. అరచేతులు ఎర్రబారి, దళసరెక్కి, పొట్టు రాలుతున్నా ఆ లెక్క 5 దాటదు. అన్నం కలుపుకోలేని మనిషికి కాగితం మీద పడేది ‘స్వల్పం’ అనే మాట!

ఈ తేడాను పట్టుకోవడానికి బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే పరిశోధకులు 1994లో తెచ్చిన డీఎల్‌క్యూఐ (డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్, అంటే చర్మవ్యాధి బతుకును ఎంత దెబ్బతీస్తోందో కొలిచే పత్రం) ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఓపీలో వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, నింపడానికి సుమారు రెండు నిమిషాలు చాలు. ప్రశ్నలన్నీ గడిచిన వారం గురించే: దురద, నొప్పి, సిగ్గు, ఇంటిపని, బట్టలు, నలుగురిలోకి వెళ్లడం, ఆటలు, ఉద్యోగం, దగ్గరివాళ్లు, దాంపత్యం, చివరికి పూతమందుల జిడ్డు పెట్టే చికాకు కూడా. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. స్కోరు 10 దాటితే జబ్బు బతుకును గట్టిగానే దెబ్బతీస్తోందని, 20 దాటితే మరీ తీవ్రమని లెక్క. మందు మార్చాక కనీసం 4 తగ్గితేనే గుణం కనిపించినట్టు.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఉద్యోగం గురించిన ఏడో ప్రశ్న దగ్గర. పనికి వెళ్లలేకపోతే నేరుగా 3. ‘లేదు’ అని టిక్కు పెట్టినవాళ్లు దాని కిందే ఉన్న ‘ఎంత ఇబ్బంది’ని చూడకుండా దాటేస్తారు. ఒక ప్రశ్న ఖాళీగా వదిలితే సున్నా వేస్తారు. రెండు వదిలితే పత్రమే చెల్లదు.

అసలు లోపం ‘నాకు వర్తించదు’ అనే గడి. దానికీ సున్నాయే. రిటైరై, ఆటలాడని, భార్య పోయిన పెద్దాయనకు మూడు ప్రశ్నలు అలా కొట్టుకుపోతాయి. ఎంత బాధ ఉన్నా ఆయన స్కోరు 21 దాటే వీలే లేదు. కాబట్టి మొత్తం చూసి ఊరుకోకుండా, ఆ గడిలో ఎన్ని టిక్కులున్నాయో కూడా చూడాలి.

పత్రాన్ని కొడుకో కోడలో నింపితే దాంపత్యం గురించిన తొమ్మిదో ప్రశ్నకు నిజం రాదు. చదవలేనివాళ్లకు నర్సు విడిగా కూర్చోబెట్టి చదివి వినిపించడం మేలు.

నిద్ర గురించి ఇందులో ఒక్క ప్రశ్నా లేదు, అది నాకు నచ్చలేదు. ఎగ్జిమాకైతే ఏడు ప్రశ్నల పోయెమ్ పత్రం నయం. ఎగ్జిమా వల్ల ఎన్ని రాత్రులు నిద్ర చెడిందో అది నేరుగా అడుగుతుంది.