బార్‌ఫ్లై: సాకు చెప్పని తాగుబోతు కథ

తాగుబోతు పాత్రకు మన సినిమాలు ముందుగా ఒక కారణాన్ని సమకూర్చి పెడతాయి. 1953 నాటి ‘దేవదాసు’ మొదలుకొని సీసా చేతబట్టిన కథానాయకులలో చాలామందికి వెనుక ఒక భగ్నప్రేమ ఉంటుంది, దాన్ని చూసి ప్రేక్షకుడు అతడిని క్షమిస్తాడు. 1987లో వచ్చిన అమెరికన్ చిత్రం ‘బార్‌ఫ్లై’లో హెన్రీ చినాస్కీకి అలాంటి సాకు ఏదీ లేదు. అతడు తాగుతాడు, తన్నులు తింటాడు, అద్దె గదికి చేరుకుని రేడియోలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వింటూ పెన్సిలుతో ఏదో రాసుకుంటాడు, మర్నాడు తిరిగి బారుకే వెళ్తాడు. ఎందుకిలా అయ్యాడో చిత్రం చెప్పదు, బాగుపడతాడన్న ఆశా పెట్టదు. ఇందులోని హాస్యమంతా ఆ మొండితనం నుంచే పుట్టింది.

స్క్రీన్‌ప్లే రాసినవాడు కవి, నవలాకారుడు చార్లెస్ బుకోవ్‌స్కీ. చినాస్కీ అనేది తన నవలల్లో ఆయన తనకు తాను పెట్టుకున్న మారుపేరే కనుక, లాస్ ఏంజెలెస్‌లోని చవక బార్లలో తాను గడిపిన యౌవనాన్నే ఆయన ఇక్కడ తిరగరాశాడని అనుకోవచ్చు. దర్శకుడు బార్బే ష్రోడర్ ఈ స్క్రిప్టును పట్టుకుని ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి నిర్మాణానికి ఒప్పుకున్న కానన్ సంస్థ వెనక్కి తగ్గబోతే, విద్యుత్ రంపంతో వాళ్ల కార్యాలయానికి వెళ్లి, చిత్రానికి దారి ఇవ్వకపోతే తన వేలు కోసుకుంటానని బెదిరించాడు. తెర మీది మనుషులకు తెర వెనుక మనుషులు ఏ మాత్రం తీసిపోలేదన్నమాట. ఈ నిర్మాణ ప్రహసనాన్ని బుకోవ్‌స్కీ 1989లో ‘హాలీవుడ్’ అనే నవలగా మలిచాడు.

హెన్రీకి, బారులో మద్యం పోసే ఎడ్డీకి బారు వెనుక సందులో జరిగే ముష్టియుద్ధాలే కథకు ఆది, అంతం. ఓడిపోయినప్పుడు హెన్రీ తన బలహీనతను ఒప్పుకోడు. కడుపులో తిండి లేకపోవడమే కారణమని, ఓ పండితుడు సిద్ధాంతం చెబుతున్నంత నిబ్బరంగా వివరిస్తాడు. మిక్కీ రూర్క్ ఈ పాత్రను భుజాలు వాల్చి, మాటలు సాగదీసి, చిరిగిన చొక్కాలో జమీందారులా నడిచి పోషించాడు. ఆ నటన మరీ అతిగా ఉందని బుకోవ్‌స్కీ తరువాతి కాలంలో పెదవి విరిచాడు. ఈ విషయంలో నేను నటుడి పక్షమే. హెన్రీ నిత్యం నలుగురి ముందు తన వేషం తానే కడుతున్న మనిషి, అతడిలో అతి లేకపోతేనే అసహజంగా ఉండేది.

చిత్రానికి నిజమైన బరువు హెన్రీ ప్రేయసిగా ఫే డనవే పోషించిన వాండా వల్ల వచ్చింది. ఎవరైనా విస్కీ సీసాతో వస్తే అతడి వెంట వెళ్లిపోతానని ఆమె హెన్రీకి ముందే చెబుతుంది, చెప్పినట్టే ఎడ్డీతో వెళ్తుంది. రాత్రివేళ దారి పక్కన పెరిగిన మొక్కజొన్న పొత్తులను దొంగిలించి, పోలీసుల కంట పడి పరుగెత్తి, తీరా ఉడికించి చూస్తే అవి లేతగా తినడానికి పనికిరాకుండా ఉండే సన్నివేశం నవ్విస్తుంది. ఆ పొత్తుల కోసం ఆమె పడే దుఃఖం చూశాక మాత్రం నవ్వినందుకు ఇబ్బందిగా ఉంటుంది. రాబీ ముల్లర్ ఛాయాగ్రహణం కూడా వీళ్ల మీద జాలి కురిపించదు: బారు లోపలి ఎర్రటి వెలుతురు వాళ్లకు ఇల్లు, బయటి ఎండ శత్రువు.

టల్లీ అనే సంపన్న పత్రికా ప్రచురణకర్త ప్రవేశించాక పట్టు సడలుతుంది. ఆమె డిటెక్టివును పెట్టి హెన్రీని వెదికించడం, కథకు చెక్కు ఇవ్వడం, తన ఇంటికి తీసుకువెళ్లడం అన్నీ రచయిత తీరిగ్గా కన్న పగటికలలా ఉన్నాయి. అలిస్ క్రీగే ఎంత నిజాయతీగా నటించినా టల్లీ మనిషిగా నిలబడదు; ఆ బంగారు పంజరాన్ని హెన్రీ తిరస్కరించడానికే ఆమెను సృష్టించినట్టు తెలిసిపోతుంది. ఆ డబ్బుతో అతడు బారులో అందరికీ మందు పోయించే ఘట్టం మాత్రం అద్భుతంగా కుదిరింది.

నాకున్న పెద్ద ఫిర్యాదు వేరు. వాండాకు మూలంగా చెప్పే జేన్ కూనీ బేకర్, బుకోవ్‌స్కీ ప్రేమించిన స్త్రీ, తాగుడు వల్లనే 1962లో చనిపోయింది. ఆ మరణం గురించి ఆయన ఎంతో ఆర్తితో కవితలు రాశాడు. ఈ చిత్రంలో దెబ్బలకు రక్తం కారుతుంది, ఆకలి కనిపిస్తుంది, కానీ తాగుడు శరీరాన్ని ఏం చేస్తుందన్న లెక్క దాదాపు ఎక్కడా రాదు. హెన్రీకి తన నాశనాన్ని రచనగా మార్చుకునే వీలుంది, వాండాకు అది కూడా లేదు. ఆ తేడా డనవే ముఖంలో స్పష్టంగా ఉంది, స్క్రిప్టులో లేదు.